పుస్తకంలో మా తోటికోడలి పేరు

కరోనా తగ్గిన మరుసటి ఏడాది ఐనవిల్లి దగ్గర ఒక పెంకుటింట్లో సినిమా పెళ్లి తీశారు. హీరోయిన్‌కి పూలజడ కుట్టే పని నాకు వచ్చింది. ముప్పై ఏళ్లుగా పెళ్లికూతుళ్లకి జడలు కుడుతున్నాను. మొగ్గలు అందించడానికి తోటికోడలు సత్యవతిని తీసుకెళ్లాను.

పెళ్లిలో జడ ఒక పూట నిలిస్తే చాలు. సినిమాలో కంటిన్యుటీ కావాలి. అంటే పొద్దున షాట్‌లో జడ ఎలా ఉందో సాయంత్రం షాట్‌లోనూ అలాగే ఉండాలి. లైట్ల వేడికి మల్లెమొగ్గలు విచ్చుకునేవి. విచ్చినవాటిని తీసి, ఆ చోటనే కొత్త మొగ్గలు కుట్టేదాన్ని. మూడు రోజుల్లో దర్శకుడుగారు ఒక్క వంక పెట్టలేకపోయారు.

సినిమాల మీదా నటుల మీదా ఆయన రాసిన వ్యాసాలు కిందటేడు పుస్తకంగా వచ్చాయి. షూటింగ్‌లో మాకు డబ్బులిచ్చిన మేనేజరు ఒక కాపీ ఇచ్చి, జడ సంగతి కూడా ఉందండీ అన్నాడు. యాభై దాటాక అక్షరాలు నేర్చినదాన్ని, వేలు పెట్టుకుని చదువుతాను. ఆ హీరోయిన్ మీద వ్యాసానికి రెండు రోజులు పట్టింది. నా పేరు లేదు. సత్యవతి పేరుంది.

మూడో రోజు జడ బరువుకి ఆ అమ్మాయి తల లాగేస్తోందట. సత్యవతి ఒక్కతే కనిపెట్టి, "నొప్పిగా ఉందా తల్లీ" అని అడిగి, భోజనాల వేళంతా జడని చేత్తో ఎత్తిపట్టుకుని కూర్చుందట. తర్వాత అప్పగింతల షాట్‌లో ఆ అమ్మాయి ఏడ్చిన ఏడుపు సత్యవతిగారి చలవేనని రాశారు. గారు కూడా పెట్టారు. అప్పుడు నేను పక్కగదిలో మొగ్గలు ఏరుతున్నాను. కడుపు మండిపోయింది.

సాయంత్రం సత్యవతి వచ్చింది. దానికి చదువు రాదు.

"మన గురించి ఏం రాసేరక్కా?"

"జడ బాగుందని."

"నీ పేరు వేసేరా?"

"ఆఁ."

"ఏదీ, ఎక్కడ?"

ఆ వ్యాసంలో మా ఇద్దరిలో ఉన్నది ఒక్క పేరే. అదే చూపించాను. సత్యవతి చెయ్యి చీరకు తుడుచుకుని, ఆ అక్షరాలని వేలితో మెల్లగా నిమిరింది.

"ఎంత బాగుందక్కా నీ పేరు" అంది.

ఇక నా వల్ల కాలేదు. దాని వేలు పట్టుకుని ఒక్కో అక్షరం మీదా పెట్టి, సత్యవతి అని చదివాను. మిగతాదీ చదివి వినిపించాను.

"నేనేం చేసేనక్కా, పట్టుకు కూర్చున్నానంతే" అంది. దాంతో నాకు ఇంకా మండింది.

ఇప్పుడు జడ కుట్టడం మొదలుపెట్టే ముందు పెళ్లికూతుర్ని నొప్పిగా ఉందా అని అడుగుతాను. మధ్యలోనూ అడుగుతాను. ముప్పై ఏళ్లలో అడగాలని తోచని మాట అది. సత్యవతి పక్కనుంటే మాత్రం, అది పూలు తేవడానికి లేచేదాకా ఆగి అడుగుతాను.