కార్డ్‌లెస్ ఫోన్లో పడ్డ ముచ్చట

దేవరకొండలో మగ్గం మానేసి బట్టల దుకాణం పెట్టుకున్న గండయ్య, తొంభై ఎనిమిదిలో ఇంటికి కార్డ్‌లెస్ ఫోను తెచ్చాడు. ఎదురింటి అబ్దుల్ ఖాదర్ కూడా అదే షాపులో అదే రకం కొన్నాడు. తిప్పలంతా అక్కడే వచ్చింది. గండయ్య భార్య లక్ష్మీనర్సమ్మ ఒకనాడు ఫోను ఎత్తి మీట నొక్కితే, ఖాదర్ భార్య ఇక్బాల్ బీ మహబూబ్‌నగర్‌లోని చెల్లెలితో మాట్లాడుతోంది. ఉర్దూలోనే అయినా ఈమెకు ప్రతి ముక్కా తెలిసింది.

లక్ష్మీనర్సమ్మ భక్తురాలు. ఒకరి మాట చాటుగా వినడం పాపమని ఆమెకు బాగా తెలుసు. అందుకని విన్న ప్రతిసారీ దేవుడి ముందు ఒక వత్తి ఎక్కువ వేసేది. ఆ నెల దీపాల నూనె పది రోజుల ముందే అయిపోయింది.

అట్లా విన్నవాటిలో ఒకటి మాత్రం మనసులో ముల్లులా దిగింది. ఇక్బాల్ బీకి చక్కెర రోగమని దవాఖానలో చెప్పారట. ఇంట్లో ఎవరికీ చెప్పుకోలేదట. అడుగుదామంటే ఎట్లా తెలిసిందంటుంది, ఊరుకుందామంటే ప్రాణం ఒప్పదు. చివరికి తనకు తోచిన ఉపాయం చేసింది. పండుగనాడు వాడకట్టంతా బూరెలు పంచి, ఎదురింటికి మాత్రం జొన్నరొట్టె, మెంతికూర పంపింది. పెళ్లి లడ్డూలు వచ్చినప్పుడూ అంతే.

మూడు నెలలయ్యాక, గండయ్య ఫోనులో బేరం మాట్లాడుతుంటే నడుమ ఖాదర్ గొంతు వచ్చింది. రేడియోలు బాగుచేసే మైసయ్యను పిలిపించాడు. మైసయ్య ఎదురింటి ఫోను కూడా తెమ్మంటే ఇక్బాల్ బీ తానే పట్టుకొచ్చింది. అతను మూతలు విప్పి, గోటితో జరిపే చిన్న మీటలు చూపించాడు. కొన్నప్పుడు అన్నిటికీ అవి ఒకే తీరుగా ఉంటాయట, ఎవరిది వారు మార్చుకోవాలట.

"మార్చకుంటే ఈళ్లయి ఆళ్లకు, ఆళ్లయి ఈళ్లకు అన్నీ ఇనవడతయి," అన్నాడు.

ఇక్బాల్ బీ మెల్లగా తల తిప్పి లక్ష్మీనర్సమ్మను చూసింది. ముప్పై ఏండ్ల సోపతి ఇయ్యాల్టితో సరి అనుకుంది ఈమె. ఇక్బాల్ బీని చెయ్యి పట్టుకుని వంటింట్లోకి తీసుకుపోయింది.

"తప్పయింది చెల్లె. నీ చక్కెర సంగతి నేనిన్న."

ఇక్బాల్ బీ చెయ్యి విడిపించుకుంది.

"మూడు నెలల సంది మీ ఇంటి తీపి నా గడప తొక్కలే. గీ అక్కకు నా మీద ఏం కోపమొచ్చిందోనని ఎంత కుమిలిన్నో నీకెర్కనా?"

అంత భక్తురాలికీ ఆ సంగతి తట్టనే లేదు.

"ఒక్క మాట అడిగితే ఏం పోయేది?"

"అడిగితే నేనిన్నట్టు నీకు తెలుస్తది గదా."

ఇక్బాల్ బీకి కండ్లు తుడుచుకుంటూనే నవ్వొచ్చింది. బయటికొచ్చి, తన ఫోను మీటలు కొంగు కప్పి తానే జరుపుకుంది. అది కూడా కంట పడుతుందేమోనని లక్ష్మీనర్సమ్మ గోడవైపు తిరిగి నిలబడింది. మైసయ్య సంచి సర్దుకుని పోయేదాకా ఇక్బాల్ బీ ఆగింది.

"ఇన్నదానివి ఊకె తప్పించుకుంటవా? బేస్తారం దవాఖానకు పోవాలె. ఒక్కదాన్నే పోవుడు భయమైతాంది," అంది చిన్నగా.

"ఆరింటి బస్సుకే పోదాం," అంది లక్ష్మీనర్సమ్మ, మొఖం ఇంకా గోడవైపే పెట్టి.