ఎకో గదిలో అక్క పేరు చెప్పిందెవరు?

దయ్యాలంటే నాకు నమ్మకం లేదు. ఉండకూడదు కూడా. నేను బీఎస్సీ ఫిజిక్స్ పాసయ్యాను. మా వంశంలో డిగ్రీ నాదే మొదటిది. ఈ సంగతి అడగనివాళ్ళకు కూడా చెబుతుంటానని మా అక్క సుగుణ నవ్వుతుంది. ఇప్పుడు కూడా, రాయాల్సింది వేరే అయినా, ముందు అదే రాశాను చూడండి.

మాది ఉదయగిరి. అమ్మ మా చిన్నప్పుడే పోయింది. నాయన లారీ డ్రైవరు, నెలలో నాలుగు రోజులు ఇంట్లో ఉంటే గొప్ప. అక్క ఏడో తరగతితో బడి మానేసి ఇల్లు చూసుకుంది. నేను చదివింది ఆమె మానేసిన చదువే అనుకోవచ్చు.

నాలుగేళ్ళుగా అక్కకు ఆయాసం. రెండు బిందెల నీళ్ళు తెస్తే గుమ్మంలో కూలబడేది. ఊళ్ళో డాక్టరు ఉబ్బసం అన్నాడు, సూదులు వేశాడు. ఈ మధ్య కాళ్ళు వాచాయి. పడుకోలేక గోడకు ఆనుకుని కూర్చునే నిద్రపోయేది. "వాళ్ళమ్మ కూడా ఇట్నే పోయింది" అని చర్చి దగ్గర ఆడవాళ్ళు అనుకోవడం నేను విన్నాను. అక్క కూడా వినే ఉంటుంది.

నా రిజల్ట్స్ వచ్చిన వారానికి ఆత్మకూరులో ఒక బడిలో మెడికల్ క్యాంపు పెట్టారు. గుండెను శబ్దంతో చూసే ఎకో మిషన్‌ను వ్యానులో తెచ్చారని తెలిసింది. అక్కా నేనూ పొద్దున్నే బస్సెక్కాం. మేమిద్దరమే.

అక్కడ ఫారాలు ఇంగ్లీషులో నింపాలి. లైన్లో చాలామందికి రాదు. అక్కను కాస్త దూరంగా నీడలో కూర్చోబెట్టి, నేను మెట్ల మీద కూర్చుని అందరికీ రాసిపెట్టాను.

"ఏందబ్బాయ్, నువ్వు డాక్టరువా?" అన్నాడు కలిగిరి నుంచి వచ్చిన ఒక పెద్దాయన.

"కాదు పెదనాయనా, బీఎస్సీ. మొన్ననే పాసయినాను."

"అట్నా. అయితే గుండెదడ అని రాయి. తప్పు రాసినావంటే నీ డిగ్రీ వెనక్కి తీసుకోమని చెప్తా."

ముప్ఫై ఫారాలకు పైనే రాశాను. ప్రతి ఒక్కరి పేరూ, ఊరూ, జబ్బూ నా చేతి మీదుగానే వెళ్ళాయి. ఈ మాట గుర్తుంచుకోండి. అక్కది అందరికన్నా ముందే నింపేశాను. జబ్బు అన్నచోట ఆస్తమా అని ఇంగ్లీషులో పెద్ద అక్షరాలతో రాశాను. స్పెల్లింగ్ కష్టమైనది, తప్పు లేకుండా వచ్చినందుకు సంతోషించాను.

ఆ ఫారం చూసి టేబుల్ దగ్గరున్నాయన అక్కను వరండాలోకి పంపాడు. "ఎకో గుండె జబ్బులోళ్ళకేనమ్మా" అన్నాడు. వరండాలో రెండు రకాల మాత్రలిచ్చారు. టేబుల్ దగ్గరున్నాయనకు నేను పాసైనందుకు పంచుతున్న చాక్లెట్ ఒకటిచ్చి, అక్కను తీసుకుని గేటు వైపు నడిచాను.

అప్పుడు ఎకో గదిలోంచి నర్సు బయటికి వచ్చింది. "ఉదయగిరి సుగుణ ఎవురు? డాక్టరమ్మ పిలస్తా ఉండాది."

గది కిటికీలకు నల్లగుడ్డలు కట్టారు. అక్కను ఎడమవైపు తిప్పి పడుకోబెట్టి, రొమ్ము మీద చల్లటి జెల్లీ పూసి, చిన్న పరికరం ఆనించారు. తెర మీద బూడిదరంగులో గుండె కదిలింది. తర్వాత ఎరుపూ నీలమూ రంగులు, హుస్సు హుస్సుమనే చప్పుడు.

"డాప్లర్ ఎఫెక్టే కదా మేడమ్?" అన్నాను ఆగలేక.

"చదువుకున్నావా?"

"బీఎస్సీ ఫిజిక్స్ మేడమ్."

డాక్టరమ్మ నవ్వింది. తర్వాత నవ్వలేదు. ఒకే చోట నాలుగుసార్లు కొలిచింది. గుండె కుడివైపు కవాటం దగ్గర రక్తం వెనక్కి ఎంత వేగంగా చిమ్ముతోందో చూసి, ఊపిరితిత్తుల రక్తనాళంలో ఎంత ఒత్తిడి ఉందో లెక్కకడతారట. సూది గుచ్చక్కర్లేదు, లోపలికి గొట్టం పెట్టక్కర్లేదు. అక్కకు ఆ ఒత్తిడి చాలా ఎక్కువగా ఉంది. చిన్నప్పుడు కీళ్ళనొప్పులతో వచ్చిన జ్వరం వల్ల ఎడమవైపు కవాటం బిగుసుకుపోయిందనీ, రక్తం ముందుకు పోలేక ఊపిరితిత్తుల్లో నిలిచిపోతోందనీ చెప్పింది.

"ఆస్తమా అని రాసిందెవరు?"

నేను తల వంచుకున్నాను.

"మీ అవ్వ వచ్చి చెప్పబట్టి సరిపోయింది. లేకపోతే ఈ అమ్మాయి మాత్రలు తీసుకుని వెళ్ళిపోయేది."

ఏ అవ్వ అని అడిగాను. ఇంతకుముందే ఒక ముసలామె కర్టెన్ పక్కన నిలబడి మాట్లాడిందట. తెల్లచీర, గడ్డం మీద పచ్చబొట్టు చుక్కలు మూడు. ఆమె అన్న మాటల్ని డాక్టరమ్మ అలాగే అప్పజెప్పింది: "మా ఉదయగిరి సుగుణకి లోపల గేటు తెరుచుకోవడంలా. గేటు తెరవకపోతే మునిగేది కింద ఊర్లు కాదమ్మా, పైన ఊర్లు. పడుకుంటే మునిగిపోతా ఉండాది బిడ్డ."

మా అవ్వది సోమశిల డ్యాము నీళ్ళలో మునిగిపోయిన ఊరు. నీళ్ళు వెనక నుంచి ఎలా ఎగదన్నాయో బతికినన్నాళ్ళూ చెప్పేది. ఆమె గడ్డం మీద మూడు చుక్కలుండేవి. ఆమె పోయి అప్పటికి రెండేళ్ళు. చివరి స్నానం చేయించింది అక్కే. సమాధిలో మట్టి వేసినవాళ్ళలో నేనూ ఉన్నాను.

ఆ మాట చెబితే డాక్టరమ్మ నమ్మలేదు. లైన్లో ఎవరో అయ్యుంటారని నాతో బయటికి వచ్చింది. ముసలమ్మలు ముగ్గురే ఉన్నారు. ముగ్గురి ఫారాలూ నేనే రాశాను. ఎవరికీ పచ్చబొట్టు లేదు, మా అక్క పేరు తెలియదు. నర్సేమో, డాక్టరమ్మ కర్టెన్ వైపు తిరిగి మాట్లాడటం చూసింది గానీ అవతల ఎవరున్నారో చూడలేదట. డాక్టరమ్మ లోపలికి వెళ్ళి మద్రాసు పెద్దాసుపత్రికి ఉత్తరం రాసిచ్చింది.

అక్కడ కాలి నరం గుండా బెలూన్ పంపి కవాటం తెరిచారు. మళ్ళీ ఎకో తీస్తే ఒత్తిడి తగ్గింది. రెండో రోజు అక్క చాలా ఏళ్ళ తర్వాత వెల్లకిలా పడుకుంది.

అప్పుడు అడిగాను. "అక్కా, ఆత్మకూరులో నేను ఫారాలు రాస్తా ఉంటే నీ పక్కన ఎవరన్నా ముసలామె కూర్చోనిందా?"

"అవ్వే గదరా" అంది అక్క, అదేం ప్రశ్న అన్నట్టు. "నువ్వు లైన్లో అందర్నీ ఏంది కష్టమని అడిగి అడిగి రాసినావు. నన్నడగలా. అవ్వ అడిగింది, చెప్పినాను."

అంతే, కళ్ళు మూసుకుంది.

అవ్వ సంగతి నాకిప్పటికీ అర్థం కాలేదు. అక్కను నేను అడగలేదన్నది మాత్రం నిజం.