ప్రశ్నా నాదే, జవాబూ నాదే

ఆ రోజుల్లో నాకు జవాబు తెలియని ప్రశ్న ఈ భూమ్మీద లేదని నా గట్టి నమ్మకం. దిల్‌సుఖ్‌నగర్‌లో గ్రూప్స్ కోచింగ్‌కి వచ్చిన ప్రతివాడికీ మొదటి ఆరు నెలల్లో ఈ జబ్బు పట్టుకుంటుంది (ఫలితాలు వచ్చాక దానంతటదే తగ్గిపోతుంది). నల్లగొండ దగ్గరి పల్లె నుంచి వచ్చి, కోచింగ్ సెంటర్ వెనక గల్లీలో మూడో అంతస్తు మీది రేకుల గదిలో ఉండేవాణ్ని. అదే గదిలో బ్యాంకు పరీక్షలు రాస్తున్న ఒకతను ఉండేవాడు. అతని అసలు పేరు ఎవరికీ గుర్తుండేది కాదు, ఊరి పేరుతో కాకినాడ అనే పిలిచేవాళ్లం. టీ బండి దగ్గర ఎవరైనా టైమెంత అని అడిగినా నేను ముందు ఉపోద్ఘాతం, తర్వాత విషయం, చివర ముగింపు చెబుతానని కాకినాడ ఆరోపణ. అందులో కొంత నిజం లేకపోలేదు.

కింది ఇంట్లో మా ఓనరమ్మ ఒక్కతే ఉండేది. గల్లీ అంతా ఆమెను పెద్దమ్మ అనేది. ఆమెకు షుగరు, బీపీ, రెండు మోకాళ్ల నొప్పులు. గల్లీ చివర కమ్యూనిటీ హాలు పక్క గదిలో చిన్న సర్కారు దవాఖాన ఉండేది. ఒక డాక్టరమ్మ, ఒక నర్సమ్మ, ఒక బీరువా మందులు, అంతే. పెద్దమ్మ నెలనెలా కర్ర పట్టుకుని మెల్లగా అక్కడిదాకా నడిచి, రక్తం చూపించుకుని, గోలీలు తెచ్చుకునేది. ఒకరోజు ఆ దవాఖాన గోడకి కాగితం అంటించారు. దాన్ని ఎల్బీ నగర్‌ దిక్కు కట్టిన కొత్త భవనంలో కలిపేస్తున్నారట, అక్కడ పెద్ద ల్యాబూ, స్పెషలిస్టు డాక్టర్లూ ఉంటారట, ఇదంతా ఆరోగ్య సంస్కరణల్లో భాగమట. మంచిదే. కాని పెద్దమ్మ మెయిన్ రోడ్డు దాటి, మెట్రో స్తంభాల కింద నిలబడి, ఆగీ ఆగని షేర్ ఆటో ఎక్కడం జరిగే పని కాదు. వెళ్లలేకపోతే గోలీలు మానేస్తుంది. అంతకుముందు ఒకసారి రెండు నెలలు మానేస్తే కాలికి పుండు పడి ఒక వేలు తీసేశారు. అందుకని ఆ కాగితం చూసినప్పటి నుంచి ఆమె భయపడుతోంది. మాకూ భయంగానే ఉంది.

ఆదివారం పొద్దున కార్పొరేటర్ మా కమ్యూనిటీ హాల్లో మీటింగ్ పెడుతున్నాడని తెలిసింది. ఎవరడగాలి అన్న మాట రాగానే గల్లీవాళ్లందరూ నావైపు చూశారు. పెద్దమ్మయితే నా చెయ్యి పట్టుకుని, "చదువుకున్నోనివి, నువ్వే అడుగు బిడ్డా. దవాఖాన ఈడనే ఉంచుమను. గంతే" అంది. ఆ గంతే అన్న మాట నాకు బొత్తిగా నచ్చలేదు. ప్రజారోగ్య సంస్కరణల మీద నేను ఆ ముందు వారమే వ్యాసం రాశాను. మా సార్ దాన్ని క్లాసులో చదివి వినిపించి, జవాబంటే ఇలా ఉండాలి అన్నాడు. అంతటి సరుకు దగ్గర పెట్టుకుని ఒక్క ముక్క అడిగి కూర్చోవడమంటే నాకు అవమానంగా అనిపించింది. రెండు రోజులు అద్దం ముందు నిలబడి సాధన చేశాను. కాకినాడ చెవుల్లో దూది పెట్టుకుని లెక్కలు చేసుకున్నాడు.

ఆదివారం హాలు నిండిపోయింది. కార్పొరేటర్ మాట్లాడటం అయ్యాక నేను లేచి గొంతు సవరించుకుని, సంస్కరణల పేరుతో దగ్గరున్న దవాఖానను దూరం చేస్తే నడవలేని వృద్ధులు ఏమైపోవాలని అడిగాను. చప్పట్లు కొట్టారు. కార్పొరేటర్ తన పీఏ వైపు చూశాడు. పీఏ పక్కనున్న ఆఫీసరు వైపు చూశాడు. ఆఫీసరు ఫ్యాను వైపు చూశాడు. ఆ క్షణంలో నేను చేయవలసిందల్లా కూర్చోవడం. అదొక్కటీ నాకు చేతకాలేదు. ప్రశ్న కింద జాగా ఖాళీగా వదిలితే సున్నా మార్కులని మా సార్ ఏడాదిగా నూరిపోశాడు. పైగా నా నోట్లో నువ్వుగింజ నానదు.

"అంటే సార్, దీన్ని మూడు కోణాల్లో చూడాలి" అన్నాను.

ఇక ఆగలేదు. చిన్న దవాఖానలను కలిపితే పరీక్షలూ మందులూ ఒకే చోట దొరుకుతాయనీ, డాక్టర్ల కొరత తీరుతుందనీ, పేదవాళ్లకు పెద్ద వైద్యం అందుతుందనీ వరుసగా చెప్పుకుపోయాను. నా వ్యాసంలో మొదటి కోణం ప్రయోజనాలు, రెండోది అమలు, మూడోది లోటుపాట్లు. పెద్దమ్మ మోకాళ్లు మూడో కోణంలో ఉన్నాయి. రెండోది పూర్తిచేసి ఊపిరి పీల్చుకుంటుండగా కార్పొరేటర్ లేచి నిలబడి చప్పట్లు కొట్టాడు. "నేను చెప్దామనుకున్నదే తమ్ముడు చెప్పిండు. ఇంక నేను చెప్పేదేమున్నది?" అన్నాడు. అతనికి కప్పాలని తెచ్చిన శాలువా తీసి నాకు కప్పాడు. ఫోటో తీశారు. (సిగ్గు విడిచి చెబుతున్నాను, ఆ ఫోటోలో నేను నవ్వుతున్నాను.) సాయంత్రానికల్లా అది అందరి ఫోన్లలోకీ వచ్చింది, దవాఖాన తరలింపుపై స్థానిక యువత హర్షం అన్న మాటలతో.

ఇంటికి నడుస్తున్నంతసేపూ పెద్దమ్మ కర్ర చూసుకుంటూ అడుగులేసింది. గేటు దగ్గర ఆగి, "మంచిగనే చెప్పినవ్ బిడ్డా. ఎవల దిక్కు చెప్తున్నవో గదే నాకు సమజ్ కాలె" అంది. కోపంగా కూడా అనలేదు. తిట్టినా బాగుండేది. కాకినాడ మాత్రం వారం రోజులు నాకు అన్నం వడ్డిస్తూ, "ఏవండీ, ముందు ప్రయోజనాలు తింటారా, లోటుపాట్లు తింటారా?" అని అడిగాడు.

దవాఖాన తరలిపోయింది. తప్పు చేసినవాణ్ని కాబట్టి ఆ నెల పెద్దమ్మను నేనే తీసుకెళ్లాను. ఆటో ఎక్కించడానికి కాకినాడా నేనూ ఇద్దరం పట్టాల్సి వచ్చింది. దిగాక నాలుగడుగులకొకసారి ఆగింది. కొత్త దవాఖాన నా మొదటి కోణంలో చెప్పినట్టే బ్రహ్మాండంగా ఉంది. అన్ని పరీక్షలూ చేశారు. తిరిగొచ్చాక రెండు రోజులు ఆమె మంచం దిగలేదు. మూడో రోజు నన్ను పిలిచి, కార్పొరేటర్ ఇంటికి పోదాం, అది చంపాపేట్ రోడ్డు మీదే కదా, ఆటో గేటు దాకా పోతుంది అంది. నేను చొక్కా మార్చుకుని వచ్చేసరికి గుమ్మంలో నిలబడి, "ఒస్తే రా. గని నోరు తెరవకు" అంది.

కార్పొరేటర్ నన్ను గుర్తుపట్టి ఎంతో సంతోషించాడు. ఇద్దరికీ కుర్చీలు వేయించి చాయ్ తెప్పించాడు. పెద్దమ్మ చాయ్ ముట్టుకోలేదు. "సారూ, పెద్ద దవాఖాన మస్తుగున్నది. నేను ఆడికి ఎట్ల పోవాలె?" అంది. కార్పొరేటర్ పీఏ వైపు చూశాడు. పీఏ లోపలికి వెళ్లిపోయాడు. అప్పుడు కార్పొరేటర్ నావైపు చూశాడు, ఆశగా. నా దగ్గర జవాబులు మూడున్నాయి. నోరు తెరవబోయాను. పెద్దమ్మ కుర్చీ పక్కనుంచి నా తొడ మీద గట్టిగా గిచ్చింది. అరవకుండా ఉండటానికి పళ్లు బిగపట్టాను. పని మీద వచ్చి వరండాలో కూర్చున్నవాళ్లు కూడా మాటలాపి ఇటే చూస్తున్నారు. చాయ్ మీద మీగడ కట్టింది. పెద్దమ్మ అలా అతని మొహంలోకే చూస్తూ కూర్చుంది. చివరికి కార్పొరేటర్ ఫోన్ తీసి ఎవరితోనో మాట్లాడి, "నెలకొక మంగళారం నర్సమ్మ మీ హాలుకే గోలీలు పట్టుకొని ఒస్తది. రక్తం గూడ ఆడనే చూస్తది" అన్నాడు. పెద్దమ్మ ఆ మాట కాగితం మీద రాయించుకుని గాని లేవలేదు.

తిరుగు ఆటోలో నేను తొడ రుద్దుకుంటుంటే ఆమె నవ్వింది. "అడిగినంక జర ఆగాలె బిడ్డా. జవాబు చెప్పేది మనం కాదు గదా" అంది.

నర్సమ్మ నిజంగానే వచ్చింది. నేను గది ఖాళీ చేసేదాకా నెలనెలా వస్తూనే ఉంది. తర్వాత నాకు చిన్న ఉద్యోగం వచ్చింది, పెళ్లయింది. అడిగేది పూర్తిగా వినకుండానే జవాబు మొదలుపెడతానని ఇప్పుడు మా ఆవిడ అంటుంది. అన్నేళ్ల కోచింగ్‌లో ఇంత చిన్న సంగతి నాకు ఎవరూ ఎందుకు చెప్పలేదా అని అప్పుడప్పుడు అనుకుంటాను. బహుశా ఎవరో చెప్పబోయే ఉంటారు. నేనే మధ్యలో అందుకుని ఉంటాను.