బీరువాలో చేదు చాక్లెట్

పాప పుట్టిన కొత్తలో ఆఫీసు స్నేహితురాలు చూడటానికి వచ్చి నాకొక డార్క్ చాక్లెట్ ఇచ్చింది. నాంపల్లి స్టేషన్ వెనక సందులో మా ఇల్లు. ఆమె మెట్లు దిగిందో లేదో, అత్తమ్మ నా చేతిలోంచి దాన్ని తీసుకుని తన బీరువాలో పెట్టి తాళం వేసింది.

"పాలిచ్చేదానివి. పొల్లకు కడుపు నొస్తే ఎవరు మోస్తరు?"

అంతటితో ఆగితే మరిచిపోయేదాన్ని. ఆ శుక్రవారం మా ఇంట్లో ప్రార్థన కూడిక. చర్చి ఆడవాళ్లు చాపల మీద కూర్చున్నారు. అత్తమ్మ నా చాక్లెట్‌ను తుంచి నా ముందే అందరికీ పంచింది.

"మా కోడలు పీజీ చదివింది గానీ నాలుకే ఆగదు. దాచకుంటే మొత్తం తింటుండె."

అందరూ నవ్వారు. కుట్లు ఇంకా మానలేదు, గోడ పట్టుకుని నిలబడి ఉన్నాను. ఆ నవ్వు నాలో అలాగే ఉండిపోయింది.

ఈ ఏడు శ్రమకాలం వచ్చింది. ఈస్టర్‌కు ముందు వచ్చే ఆ ఉపవాస దినాల్లో ఎవరు ఏం మానేస్తున్నారో మా ఆడవాళ్లు కూడికలో లేచి చెప్పాలి. అత్తమ్మ తీపి మొత్తం మానేస్తున్నానంది. చాయ్‌లో చక్కెరతో సహా. ఆ వారమే ఫోన్లో వీడియో చూసింది, డార్క్ చాక్లెట్ గుండెకు మంచిదని. ఆమెకు బీపీ. ఆదివారం ఆరాధన అయ్యాక ఆబిడ్స్‌లో ఆగి కొనుక్కొచ్చింది.

"తీపి బంద్ జేసిన్రు గదా అత్తమ్మా?"

"గిది తీపి కాదు, మందు. చేదు తింటే ఉపవాసం ఎట్ల పోతది?"

కవరు వెనక చదివాను. కోకో తర్వాతి పేరు చక్కెరే. లోపల ఎంత సంబరపడ్డానో. మా ఇంటి వంతు కూడిక మళ్లీ వచ్చేదాకా ఓపిక పడితే చాలు.

ఈలోగా ఒక సాయంత్రం ఆబిడ్స్‌లోని ఆఫీసు నుంచి వచ్చేసరికి, అత్తమ్మ గడప దగ్గర నేల మీద కూర్చుని ఉంది. ఒక చేత్తో తలుపు పట్టుకుంది, ఇంకో చేతిలో పాప.

"జర కండ్లు తిరిగినయ్ బిడ్డా. పొల్లను పడేయలే."

గబుక్కున పాపను అందుకున్నాను. నేను లేనప్పుడు పాపను ఎత్తుకునే చేతులు అవే. బీపీ గోళీలు ఏవని అడిగితే దిండు కింద చూపించింది. విప్పని అట్టలు.

"చాక్లెట్, గోళీ రెండూ ఒకటే పని జేస్తయంట గదా. గోళీలెందుకని ఆపేసిన."

అప్పటికప్పుడు ఆటోలో బషీర్‌బాగ్ డాక్టరు దగ్గరికి తీసుకెళ్లాను. బీపీ చాలా ఎక్కువగా ఉంది. కోకోలో రక్తనాళాలను కొంచెం వదులు చేసే గుణం ఉందనేది అబద్ధం కాదని, అప్పుడప్పుడు చిన్న ముక్క తింటే తప్పు లేదని, కానీ అది గోళీ చేసే పని చేయదని ఆయన చెప్పాడు. గోళీ ఆపితే పక్షవాతం కూడా రావచ్చన్నాడు. అత్తమ్మ తల దించుకుంది. నాకు జాలి వేయలేదు. పాప తల గడపకు తగిలినట్టే కళ్ల ముందు కనిపిస్తోంది.

శుక్రవారం మా ఇంట్లో కూడిక. చాయ్ ట్రేలో బిస్కెట్ల పక్కన ఆమె చాక్లెట్‌ను ముక్కలు చేసి పెట్టాను.

"తీసుకోండి ఆంటీ. అత్తమ్మ ఉపవాసం మందు. చేదుగుంటదంట."

పాస్టరమ్మే మొదలుపెట్టింది. "ఏంది అక్కా, మేం చక్కెర లేని చాయ్ తాగి మొఖాలు మాడ్చుకుంటున్నం, నువ్వు చాక్లెట్ ఉపవాసమా?"

నవ్వారు. అదే నవ్వు. అత్తమ్మ చీర కొంగు సర్దుకుంటూ గోడ వైపు చూసింది. నేను తొందరపడకుండా ఒక్కొక్కరి ముందూ ట్రే పట్టాను.

ఇప్పుడు చాక్లెట్ అదే బీరువాలో ఉంటుంది. తాళంచెవి నా హ్యాండ్‌బ్యాగ్‌లో. పొద్దున ఆఫీసుకు వెళ్లే ముందు గోళీ, నీళ్లు ఇచ్చి ఎదురుగా నిలబడతాను.

"నోరు తెరువుండ్రి అత్తమ్మా. నాలుక లేపుండ్రి."

"దొంగను జూసినట్టు జూస్తవేందే?"

"ఔ."

గోళీ దిగిందని చూశాకే గోరంత ముక్క తుంచి ఇస్తాను. ఆమె ఇంకా కావాలన్నట్టు చూస్తుంది. బీరువా మూసేస్తాను. ఆ తర్వాతే పాపను ఆమె చేతికిస్తాను.

బీపీ తగ్గిందని మొన్న డాక్టరు అన్నాడు. చాక్లెట్ వల్లేనని అత్తమ్మ అందరికీ చెబుతోంది. చెప్పుకోనీ. కూడిక చివర అందరం కలిసి ప్రభువు ప్రార్థన చెబుతాం. ఇతరులను మేం క్షమించినట్టే మమ్మల్ని క్షమించమనే మాట వచ్చినప్పుడు నేను నోరు మూసుకుంటాను. పక్కన అత్తమ్మ కూడా మూసుకునే ఉంటుంది.