పెద్ద రోగానికి పెద్ద సీసా

ఇరవై ఆరేళ్ళుగా కువైట్‌లో కారు నడుపుతున్నాను. ఈ ఇరవై ఆరేళ్ళలో మా మామాను (మేనమామ కాదు, ఇక్కడ ఇంటి యజమానురాలిని అలాగే పిలవాలి) ఎక్కడికీ ఒక్క నిమిషం కూడా ఆలస్యంగా చేర్చలేదు. ఇసుక తుఫానులో ముందు బండి కనబడకపోయినా వాసన పట్టి నడిపాను. అంతటి నేను, మిరియపు గింజంత మాత్ర చేతిలో చిత్తుగా ఓడిపోయి, ఆ మామాను నడిరోడ్డు మీద, ఇంజను ఆపకుండా, తలుపు బార్లా తెరిచి, కారులో వదిలేసి పారిపోయాను. ఆ ఘోరం చెబుతాను. అప్పుడే నవ్వకండి, నాకింకా కోపం తగ్గలేదు.

కోపం ఎవరి మీదంటారా? ముందు నా ఒంటి మీద. అరవై దాటిన మనిషికి ఒక్క రోగం ఇస్తే మర్యాద. నాకు రెండు తగిలాయి, అవీ ఒకదానికొకటి పడనివి. రెండేళ్ళ కిందట సెలవు మీద రాయచోటికి వెళ్ళినప్పుడు కడప డాక్టరు తేల్చాడు: మెడలో థైరాయిడ్ మందగించింది, పేగుల్లో ఐబీఎస్ అనే చిరాకు చేరింది. మొదటిది పికప్ లేని బండి; మెట్టెక్కితే ఆయాసం, మే నెలలో దుప్పటి. రెండోది బ్రేకు లేని బండి. ఎద్దు ఎండకు లాగితే దున్న నీడకు లాగిందంటారు. నా ఎద్దు మంచానికి లాగితే నా దున్న బాత్రూముకు లాగేది.

థైరాయిడ్‌కు పొద్దున్నే పరగడుపున ఒక మాత్ర. కడుపుకు మూడు పూటలా, తిండికి ముందు ఒక్కోటి. మూడు నెలలకు సరిపడా ఇచ్చాడు. ఇంతవరకూ డాక్టరు తప్పేమీ లేదు, ఒప్పుకుంటున్నాను. ఇక్కణ్ణుంచి నా తెలివి మొదలవుతుంది.

సెలవు నుంచి తిరిగొచ్చేవాడి పెట్టె వాడిది కాదని గల్ఫులో అందరికీ తెలుసు. ఫహాహీల్‌లో ఒకడికి ఊరగాయ, జహ్రాలో ఇంకొకడికి కారప్పొడి, మరొకడికి వాళ్ళమ్మ చేసిన నువ్వులుండలు. నా రెండు చొక్కాలకే చోటు లేదు. పైగా మందుల డబ్బాలు మామా కంటపడితే? ముసలాడికి రోగాలొచ్చాయి, ఖలాస్, ఇంటికి పంపెయ్యమంటే, ఈ వయసులో నాకు పూచీపడి ఇఖామా, అంటే ఇక్కడ ఉండే అనుమతి, కొట్టించే కఫీల్ ఇంకెవడున్నాడు? అందుకని అట్టపెట్టెలూ డాక్టరు చీటీ అక్కడే పారేసి, మాత్రలన్నీ పేర్లు లేని రెండు సీసాల్లో పోసుకున్నాను. ఒకటి పెద్దది, ఒకటి చిన్నది.

కువైట్‌లో దిగి, అందరి మూటలూ పంచి, పడుకుని లేచేసరికి ఏది దేనిదో మరిచిపోయాను. రెండింట్లోనూ తెల్లటి చిన్న మాత్రలే. ఇంకొకడైతే డాక్టరుకు ఫోన్ చేసేవాడు. నేను ఆలోచించాను. థైరాయిడ్ అంటే ఎంత పెద్ద పేరు, రక్తం కూడా దానికోసమే తీశారు. కడుపు చెడడం ఎవరికి లేదు? కనుక పెద్ద రోగానికి పెద్ద సీసా. ఆ లెక్కన పెద్దదాంట్లోంచి పొద్దునొకటి, చిన్నదాంట్లోంచి పూటకొకటి మింగడం మొదలుపెట్టాను.

మూడు వారాలు తిరిగేసరికి గుండెలో ఎవరో రోకలి వేస్తున్నారు. ఏసీలో చెమటలు. స్టీరింగు మీద చేతులు తబలా వాయిస్తున్నాయి. ఇక కడుపు చించుకుంటే కాళ్ళ మీద పడుతుందంటారే, నాకు చించుకోకుండానే పడేలా ఉంది. నిజం ఒప్పుకుంటాను, మొదట్లో చెప్పిన ఒక్క నిమిషం సంగతి కాస్త సాగదీశాను. ఆ మూడు వారాల్లోనే మామాను నాలుగుసార్లు ఆలస్యం చేశాను. ఇసుక తుఫానులో వాసనా పట్టలేదు. బండి పక్కకు తీసి నిద్రపోయాను.

నేరమంతా వంట మీద తోశాను. అదే ఇంట్లో పనిచేసే సత్తెమ్మది రాజోలు వైపు. మా ఇద్దరికీ ఆమే వండుతుంది, అన్నింట్లోనూ కొబ్బరి తగలేస్తుంది.

"ఏం పోసి వండినావు సత్తెమ్మా? నా పేగులు ఉరుకుతాండాయి."

"అదే కూర నేనూ తిన్నానండి బాబాయిగారూ, నాకేం అవ్వలేదండి. మామాకి చెప్పి డాక్టరు దగ్గరికెళ్ళండి."

"చెప్తే నన్ను ఇమానం ఎక్కిస్తాది."

"చెప్పాపోతే అంబులెన్సు ఎక్కుతారండి."

నాకు ఒళ్ళు మండింది. ఆ మంటలో చిన్న సీసాలోంచి ఇంకొకటి అదనంగా వేసుకున్నాను.

ఆ గురువారం సాయంత్రమే ఎగైలాలో మామా చెల్లెలి కూతురి నిశ్చితార్థం. వెనక సీట్లో మామా, ఆమె పక్కన మిఠాయి పళ్ళెంతో సత్తెమ్మ. ఎగైలా సిగ్నలు ముందు బండ్లు చీమల బారులా ఆగాయి. సరిగ్గా అక్కడ నా కడుపు పిలిచింది. చుట్టాలు పిలిచినట్టు కాదు, పోలీసులు పిలిచినట్టు. ఏడుకొండలవాడికి మొదటి నిమిషంలో కొబ్బరికాయ, రెండో నిమిషంలో గుండు, మూడో నిమిషంలో నిలువుదోపిడీ మొక్కుకున్నాను. సిగ్నలు పచ్చబడింది. "యల్లా" అంది మామా. వెళ్ళాను, కారు లేకుండా. రోడ్డు దాటి ఎదుటి జమయ్యాలో, అంటే ఇక్కడి సహకార బజారులో, జొరబడ్డాను.

బయటికొచ్చేసరికి కారు జమయ్యా ముందు నిలిపి ఉంది. డ్రైవరు సీట్లో పేరంటం బట్టలతో మామా. ఆమె చేతిలో, నేను డాష్‌బోర్డు అరలో దాచిన రెండు సీసాలు. నేను నిటారుగా నిలబడి, రెండు రోగాలూ, మూడు నెలల మందుల లెక్కా నోరారా చెప్పేసి, పంపిస్తే పంపెయ్యండి అన్నాను. ఆమె సీసాలు వెలుతురుకు పట్టి చూసింది. పెద్దది మెడ దాకా నిండుగా ఉంది. చిన్నదాంట్లో అడుగున ముప్పై కూడా లేవు.

"రోజుకు మూడు ఏ సీసాలోవి?" అరబ్బీ, హిందీ కలిపి అడిగింది.

"చిన్నదాంట్లోవి మామా."

"రోజుకు ఒకటి?"

"పెద్దదాంట్లోది."

"మూడు నెలల మందు. రోజుకు మూడేసేవి చిన్న సీసాలో, ఒకటేసేవి పెద్ద సీసాలో పోసుకున్న గాడిద ఎవరు?"

అప్పుడు వెలిగింది. మూడు వారాలుగా థైరాయిడ్ మాత్రలు మూడేసి మింగుతున్నాను. అవి ఎక్కువైతే గుండె పరుగెత్తుతుంది, కడుపూ జారుతుందని మర్నాడు డాక్టరు తిట్టి మరీ చెప్పాడు. ఆ క్లినిక్కుకు మామాయే నడిపింది. వెనక సీట్లో నేను. నా నిజాయితీకి కరిగిపోయి ఉద్యోగం ఉంచింది.

కనుక పంచభూతాల సాక్షిగా, ఆరోది ఏసీ సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను: పేరు అంటించని సీసాలో అమృతం పోసిచ్చినా ముట్టను. కొలువు కోసం రోగం దాచను.

ఇదంతా నిన్న సత్తెమ్మకు చదివి వినిపించాను. ఆమె ఉల్లిపాయలు తరగడం ఆపలేదు.

"మీరేం చెప్పలేదండి బాబాయిగారూ. ముప్పావుగంట జమయ్యాలోంచి బయటికే రాలేదు. మీ రోగం సంగతి మామాకి చెప్పింది నేను. ఈయన్ని పంపెయ్యొద్దని బతిమాలింది నేను. మీరొచ్చి, ఆ సీసాలు సత్తెమ్మవి అన్నారు."