మిస్త్రీ పెట్టెలోని పుస్తకం

మొన్న మా మనవరాలు గోళ్లకు రంగు వేసుకుంటుంటే గదంతా ఘాటు వాసన. ఇంట్లో అందరూ ముక్కులు మూసుకున్నారు, నేను మాత్రం తృప్తిగా పీల్చాను. పాతకాలపు విమానాల రెక్కలకు తొడిగే గుడ్డకు పూసే పూతదీ అచ్చం అదే వాసన. ఆ వెంటే రాజలింగం వకీలు గారు గుర్తుకొచ్చారు.

నిజాం ఏలుబడి చివరి రోజులవి. కొల్లాపూర్ వైపు ఒక దొర దగ్గర నేను గుమాస్తాను. యుద్ధం ముగిశాక చవకగా వస్తున్నాయని మా దొర ఒక చిన్న విమానం కొనబోయాడు. జాతర రోజున అది తన బీడులో దిగాలి, తోటి దొరలు చూసి కుళ్లుకోవాలి. ఆయన కోరికల్లా అదే. దాని మీద తాకట్టేమైనా ఉందేమో చూసి, సొమ్ము కట్టి రమ్మని నన్నూ వకీలు గారినీ పట్నం పంపాడు. "జాతర దాటిందంటే నీ నౌకరి పోయినట్టే" అని నాతో విడిగా చెప్పాడు.

అమ్మే సేటు చూపిన కాగితాల్లో తాకట్టు ఊసే లేదు. నేను సొమ్ము సంచి విప్పబోతే వకీలు గారు చెయ్యి పట్టుకుని ఆపారు. "ఎద్దును కొనేటప్పుడు ఆసామినొక్కన్నే అడుగుతమా? మేపిన జీతగాన్ని గూడ అడుగుతం గదా" అంటూ వెళ్లి, రెక్కకు పూత వేస్తున్న మిస్త్రీ పక్కన నేల మీదే కూర్చున్నారు.

"గీ విమానం మీద నీకేమన్న రావాల్నా తమ్మీ?"

మిస్త్రీ కుంచె ఆగింది. "ఆర్నెల్ల కూలి రావాలె సాబ్. మరమ్మతులు రాసే పుస్తకం నా పెట్టెల దాసుకున్న. పైసలిచ్చిన్నాడే ఇస్త."

ఆ పుస్తకం లేనిదే విమానాన్ని ఎగరనివ్వరు. సేటు నవ్వేసి, కూలివాడి సంగతి తర్వాత చూసుకోవచ్చన్నాడు.

"బాగుచేసినోనికి బాకీ ఉన్నదంటే తాకట్ల ఉన్నట్టే. కాయితంల లేకుంటేంది?" అన్నారు వకీలు గారు.

"జాతర ఎల్లుండే సాబ్, నా నౌకరి పోతది" అని బతిమాలాను.

"దొర అడిగితే వకీలే అడ్డం పడ్డడని చెప్పు. ఫికర్ జెయ్యకు."

సేటు మూడు రోజులు మొండికేసి, చివరకు మా ఎదుటే మిస్త్రీ కూలి ఇచ్చాడు. విమానం వచ్చేసరికి జాతర అయిపోయింది. దొర మండిపడితే నేను వకీలు గారి పేరు చెప్పాను. ఆయన చెప్పమన్నదానికంటే నాలుగు మాటలు ఎక్కువే చెప్పాను. నా నౌకరి నిలిచింది. ఆయన్ని దొర మళ్లీ గడప తొక్కనివ్వలేదు.

కొన్నాళ్లకు బజారులో ఎదురుపడితే నేను తల దించుకున్నాను. ఆయనే దగ్గరికొచ్చి, "నౌకరి ఉన్నదా?" అని అడిగారు.

"ఉన్నది సాబ్."

"మంచిగయింది" అని భుజం తట్టి వెళ్లిపోయారు.

ఈనాటికీ ఇల్లు కొన్నా, బండి కొన్నా, దాని మీద పనిచేసిన వాళ్లకు ఏమైనా రావాలా అని అడగనిదే డబ్బు తీయను. జాగ్రత్తపరుడని అందరూ మెచ్చుకుంటారు. అది ఆయన పెట్టిన బుద్ధి. ఆ రోజు బజారులో ఆయన చెయ్యి నా భుజం మీద ఉండగానే "తప్పయింది సాబ్" అని ఉండవలసింది. అనలేకపోయాను.