ఫోన్ అనుకున్న వేప్

ఒక ముసలావిడ నా వేప్‌ని ఫోన్ అనుకుందని టీ కొట్టులో చెప్పి, బర్మాలోని మా యాంగోన్ తెలుగువాళ్ళని చాలాసార్లు నవ్వించాను. ఆ కథ నేను సగమే చెప్పాను.

ఊరి చివర ఫ్యాక్టరీలుండే లైంగ్‌థార్యార్ వెళ్ళే బస్సులో ఆవిడ నా పక్కన కూర్చుంది. బస్సులో పీల్చకూడదు. అయినా అలవాటుగా ఆ ఈ-సిగరెట్‌ని చేతిలో పట్టుకుని, దాని టచ్ స్క్రీన్ మీద ఊరికే వేలు ఆడిస్తున్నాను. ఆవిడ నా నుదుటి బొట్టు చూసి తెలుగులోనే అడిగింది.

“బాబూ, ఆ పోనుతో మా పిల్లకి ఓపాలి కలుపుతావేటి? బస్సు ఆలీసం అయిపోనాది. పేక్టరీ గేటుకాడ సూసి సూసి ఎల్లిపోద్ది. దాని గది ఎక్కడో నాకు తెల్దు.”

పెద్దవాళ్ళ ముందు సిగరెట్టు ముట్టని ఇంట్లో పెరిగాను. అది ఫోన్ కాదని చెప్పడానికి నోరు రాలేదు.

“ఛార్జింగ్ లేదమ్మా,” అన్నాను.

అసలు ఫోన్ నా చొక్కా జేబులోనే ఉంది. తీస్తే అబద్ధం బయటపడుతుందని తీయలేదు. పిల్ల నంబరు రాసి తెచ్చుకున్న కాగితాన్ని ఆవిడ మడిచి రొంటిన దోపుకుంది.

ఆవిడ దిగేసరికి ఫ్యాక్టరీ గేటు మూసి ఉంది. బయట ఎవరూ లేరు. అటూ ఇటూ చూసి, నా కిటికీ దగ్గరికి వచ్చింది.

“ఇంటికెల్లగానే సార్జింగెట్టుకో నాయనా. మీవోల్లు కంగారడతారు,” అంది.

బస్సు కదిలింది. నాకోసం కంగారుపడేవాళ్ళు ఎవరూ లేరని ఆవిడకి ఎలా తెలుస్తుంది?